ఊదని హీటరు

అల్లుడు ఆ పాత కారు కొని తెచ్చి చూపించిన రోజునే మామగారు, మేస్త్రీ, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది కారు కాదు అల్లుడూ, కాపురం. నీకు ఓపికున్నన్నాళ్ళూ నడుస్తుంది" అన్నాడు.

ఆ నోటి చలవో ఏమో, దానికి రోజుకో రోగం. ఎడమ కిటికీ దిగితే ఎక్కదు. వెనక తలుపు లోపల్నించి తెరుచుకోదు. గాలి బయటనించి రావాలా, లోపలిదే తిరగాలా అని ఎంచుకునే మీట ఒకటుంటుంది, అది ఏనాడో 'లోపలి' వైపుకి తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. హారన్ ఒక్కటే నిక్షేపంలా ఉండేది. ఇన్నిటి మధ్యా హీటరు మాత్రం బుద్ధిమంతురాలైన చిన్నకోడలిలా అడిగినప్పుడల్లా వెచ్చగా ఊదేది. చలికాలంలో దాని మొహం చూసే అల్లుడు మిగతా పాపాలన్నీ క్షమించేవాడు.

అలాంటి హీటరు, నిన్న అత్తవారింటికి వస్తుంటే, సరిగ్గా కొండదారి మధ్యలో ఊదడం మానేసింది. బయట మంచు, లోపల ముగ్గురి ఊపిరి, ముందు అద్దం మీద పాలు ఒలకబోసినట్టు ఆవిరి. పక్క సీట్లో భార్య చంటిదాన్ని శాలువాలో చుట్టి గుండెలకి అదుముకుని కూర్చుంది. అల్లుడు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గుడ్డ. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివించి, చూపు కొలిచి, అద్దాలు అమరుస్తాడు. అద్దాలు తుడవడం అతనికి కొత్త కాదు. లోయ పక్కన తుడవడమే కొత్త.

ఇంటికి చేరేసరికి చంటిదాని ముక్కు చల్లగా అయిపోయింది. అత్తగారు దాన్ని లాక్కుని, కూతుర్నీ అల్లుణ్ణీ ఒకే వాక్యంలో చీవాట్లు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ మాత్రం సంబరపడ్డాడు. ఇంటికొచ్చిన కారుకి జబ్బు చేస్తే ఆయనకి చుట్టాలొచ్చినంత ఆనందం.

"రేపు పొద్దున నాకొక్కసారి వినిపించు, చాలు. ఎల్లుండి పొద్దున్న మీరు వెచ్చగా వెళ్ళొచ్చు" అన్నాడు.

వినిపించు అనడం ఆయన అలవాటు. ఆయన్ని ఊళ్ళో చెవి మేస్త్రీ అంటారు. ఇంటిని ఆనుకునే షెడ్డు. బండి వచ్చి ఆగితే మిగతా మెకానిక్కుల్లాగా బానెట్ ఎత్తడు. కళ్ళు మూసుకుంటాడు, ఒక చెయ్యి పైకెత్తుతాడు. అందరూ నోరు మూసుకోవాలి. ఇంజను కాసేపు మాట్లాడుతుంది. ఆ తరవాత ఆయన కళ్ళు తెరిచి, ఫలానాది అరిగింది అంటాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉంటుంది. కరెంటు వస్తోందో లేదో చూసే చిన్న దీపం షెడ్డు గోడకి ఒక మేకుకి వేలాడుతూ ఉంటుంది, బూజు పట్టి. "చెవి ఉండగా దీపం ఎందుకు?" అనేవాడు.

అలాంటాయనకి దొరికిన అల్లుడు స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో తెలియని మనిషి. పెళ్ళిచూపుల్లో మేస్త్రీ చదువు గురించి అడగలేదు, జీతం గురించి అడగలేదు. చేతికో స్క్రూడ్రైవర్ ఇచ్చి, "ఆ తలుపు బందు కొంచెం వదులు చెయ్యి బాబూ" అన్నాడు. బాబు దాన్ని ఇంకా బిగించాడు. ఆ రోజునించీ అతను 'అద్దాల అల్లుడు'. ఆ మాటలో వెటకారం పాలెంత, ముద్దు పాలెంత అన్నది అతనికి ఇప్పటికీ తేలలేదు.

షెడ్డులో మూడో మనిషి ఒకరుండేవారు. అత్తగారు. ఆవిడకి అక్కడో స్టూలు. కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తరుగుతూ, వచ్చే పోయే బళ్ళన్నిటి మీదా వ్యాఖ్యానం చేసేది.

"ఏమండీ, ఆ ముందు కుడి చక్రం దగ్గర ఇనుం గీరుతున్నట్టు లేదూ? పళ్ళు జివ్వుమంటున్నాయి, తొందరగా చూడండి."

"నాకు తెలీదా? నువ్వు నీ వంకాయలు చూసుకో" అనేవాడు మేస్త్రీ. బండి తెచ్చినవాళ్ళు నవ్వేవారు. "మా ఆవిడ నోటికి సైలెన్సర్ దొరికితే చెప్పండయ్యా, బిగిస్తాను" అనేవాడు. ఇంకా నవ్వేవారు. అల్లుడూ నవ్వేవాడు. ఆవిడ మాత్రం నవ్వకుండా, వంకాయ ముచ్చిక తీసేసి, "వెనక బేరింగు కూడా గురగురమంటోందండీ" అనేది.

మర్నాడు పొద్దున్న ఆ స్టూలు ఖాళీగా ఉంది. చంటిది అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోయింది. ఒళ్ళోంచి దింపితే లేచి ఇల్లు ఎగరగొడుతోంది. కాబట్టి అత్తగారు లోపల మంచం మీదే బందీ. షెడ్డులో మామా అల్లుళ్ళిద్దరే మిగిలారు.

"ఏమండీ, నీలం అంచు గుడ్డ ఎక్కడ పెట్టారు?" అని భార్య గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"నాకేం తెలుసు? సంచిలో చూడు."

"సంచిలో లేదు. దాని మూతి తుడిచే గుడ్డ, నిన్న కార్లో నా దగ్గరే ఉంది."

"ఆడవాళ్ళ గుడ్డల సంగతి మనకెందుకుగానీ, ఇటు రా" అన్నాడు మేస్త్రీ. మంచి హుషారుగా ఉన్నాడు. "విను. హీటరు ఊదకపోతే దానికో వరస ఉంది. ముందు ఫ్యూజు. తరవాత స్విచ్చి. తరవాత మోటారు. ఇంట్లో వస్తువు పోతే ముందు మన జేబు తడుముకుంటామా, పక్కింటివాణ్ణి పట్టుకుంటామా? అలాగన్నమాట."

ఫ్యూజు పీకి వెలుతురుకెత్తి చూశాడు. లోపలి తీగ తెగలేదు. మళ్ళీ గుచ్చాడు.

"ఇప్పుడు తాళం సగం తిప్పు. ఇంజను స్టార్టు చెయ్యకు, దాని గోలలో ఏదీ తెలీదు. ఆఁ. గాలి ఊదే బ్లోయర్ మర ఒకటికి తిప్పు."

అల్లుడు తిప్పాడు. మేస్త్రీ ముందు సీట్లోకి వంగి, గాలి రావలసిన కన్నాల దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, చెయ్యెత్తాడు.

గాలి రాలేదు. కానీ డాష్‌బోర్డు వెనకాల ఎక్కడో సన్నటి చప్పుడు ఒకటి మొదలైంది. దోమతెర అవతల దోమ తిరుగుతున్నట్టు.

"రెండుకి తిప్పు."

చప్పుడు కొంచెం పెరిగింది.

"తిప్పావా?"

"తిప్పాను మామయ్యా."

"నాలుగుకి తిప్పు."

ఇప్పుడా చప్పుడు స్పష్టంగా 'వీఁ'మంటోంది. మేస్త్రీ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆయన మొహంలో ఏ కదలికా లేదు.

"నాలుగుకి తిప్పమన్నానా?"

"నాలుగులోనే ఉంది మామయ్యా."

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. "అయితే చచ్చింది. మోటారు పోయింది. ఒక్క చప్పుడుందేమో చూడు, ఊహూఁ!"

అల్లుడు మొదట తననే అనుమానించుకున్నాడు. న్యాయమే, స్క్రూ బిగించినవాడు ఎవరు మరి? ఆ చప్పుడు మోటారుది కాదేమో, ఇంకేదో అయ్యుంటుంది అనుకున్నాడు. మర కట్టేశాడు. చప్పుడు నీరసించి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ లేచింది. కట్టేశాడు, ఆగింది. ఇది తెలుసుకోవడానికి మెకానిక్కు కానక్కర్లేదు. రెండు చెవులుంటే చాలు.

"మామయ్యా, ఏదో సన్నగా..."

"ఏంటీ?"

"సన్నగా ఏదో వినిపిస్తున్నట్టు..."

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. "నువ్వు కళ్ళ సంగతి చూసుకో అల్లుడూ, చెవుల సంగతి నాకొదిలెయ్. పైగా ఆ నోట్లో నోట్లో గొణుక్కోవడం మానెయ్. ఈ కాలం వాళ్ళందరికీ అదే రోగం." సీటు మీదనించి లేచి నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఈ కారుకి మోటారు డాష్‌బోర్డు కడుపులో దాచాడు మహానుభావుడు. మొత్తం విప్పదియ్యాలి. కొత్తది తెప్పించాలి. నీ ప్రయాణం ఈ వారానికి లేనట్టే. సెలవు పెంచమని మీ దుకాణానికి ఫోన్ చేసుకో."

ఆ మాటంటూనే పనిముట్ల పెట్టె తెరిచాడు.

అల్లుడు కదల్లేదు. చెయ్యి ఇంకా మర మీదే ఉంది. నిన్న సాయంత్రం జరిగింది గుర్తొచ్చింది. షెడ్డు ముందు రోడ్డు మీద మేస్త్రీ నిలబడి ఉంటే వెనకాల దూరంనించే ఒక లారీ హారన్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆయన కదల్లేదు. అత్తగారు పరిగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. "రోడ్డు నీ బాబుదా అని లారీవాణ్ణి అడక్క నన్ను లాగుతావేంటే?" అని ఆయన విదిలించుకున్నాడు. పెద్దాయన మొండితనం అనుకుని అల్లుడు మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఖాళీ స్టూలు కేసి చూశాడు. ముందు కుడి చక్రం. వెనక బేరింగు. ఇనుం గీరుతున్నట్టు లేదూ? ఇన్నేళ్ళుగా ఆవిడ వాగుడు అనుకున్నది వాగుడు కాదు. ఆవిడ విని చెబుతోంది. ఆయన విదిలించుకుంటూనే ఆ మాట పట్టుకుని విప్పుతున్నాడు. ఊరు ఆయన చెవికి దండం పెడుతోంది. ఇంతకాలమూ సాగిందీ జోడు పని, ఒక్కరికీ అనుమానం రాకుండా.

"రేపు పొద్దున్న బడి పిల్లల వ్యాను బ్రేకులకొస్తోంది" అంటున్నాడు మేస్త్రీ, స్క్రూలు వదులుచేస్తూ. "దాని డ్రైవరు నా దగ్గర తప్ప ఇంకెక్కడా పెట్టడు. మేస్త్రీ చెవిన పడితే నాకు ధైర్యం అంటాడు. అది పంపించేసి కొత్త మోటారు సంగతి చూద్దాం."

బడి పిల్లల వ్యాను. బ్రేకులు. రేపు అత్తగారు ఆ స్టూలు మీద ఉంటే సరే. జ్వరమొచ్చి పడుకుంటే? సంతకి వెళ్తే? ఇవాళ్టిలాగా మనవరాలు ఒళ్ళో నిద్రపోతే? ఆవిడ లేని ఒక్క పూట చాలు.

చెప్పకపోతే అలా ఉంది. చెబితేనో? ఏమని చెప్పాలి? మామయ్యా, మీకు వినిపించడం లేదు అనా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మనిషికి ఉన్నదల్లా ఆ చెవి. పేరు అదే, అన్నం అదే. అది లేదని, అందులోనూ స్క్రూ తిప్పడం రాని అల్లుడు చెప్పడమా?

కళ్ళజోళ్ళ దుకాణంలో అతనికి పని నేర్పిన ముసలాయన ఒకమాట చెప్పేవాడు. చూపు తగ్గినవాడికి తగ్గిందని తెలుసు, కానీ తెలియనట్టు ఉంటాడు, గోడ మీది అక్షరాలు ముందే కంఠతా పట్టి వస్తాడు. నీకు కనబడటం లేదు అన్నావో, లేచి వెళ్ళిపోతాడు. వెళ్ళి బస్సు నడుపుతాడు. అందుకని నువ్వు చెప్పకు. అద్దం పెట్టి, తీసి, ఇలా బాగుందా, అలా బాగుందా అని అడుగు. వాడే చెప్తాడు.

మేస్త్రీ ముందు సీటు ఎదురుగా ఉండే సొరుగు పెట్టె ఊడదీసి కింద పెట్టాడు. ఆ సందులోంచి తొంగిచూస్తే మోటారు నల్లటి అడుగుభాగం కనిపిస్తోంది. డాష్‌బోర్డు పెద్ద స్క్రూ మీద చెయ్యి వెయ్యబోతున్నాడు.

"మామయ్యా" అన్నాడు అల్లుడు. ఈసారి గొంతు పెంచి, ఆయన మొహానికి ఎదురుగా వచ్చి. "పెళ్ళైన కొత్తలో మీరు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. నాకొకసారి చూపించరూ?"

"చచ్చినదానికి నాడి చూడమంటావా?"

"నేర్చుకుందామని."

మేస్త్రీ చేస్తున్న పని ఆపేశాడు. ఇన్నేళ్ళ బంధుత్వంలో అల్లుడి నోట ఆ మాట వినడం ఇదే మొదలు. మొహం విప్పారింది. "ఎవరూ, నువ్వా? నేర్చుకుంటావా? ఏవే, విన్నావా?" అని ఇంట్లోకి కేకేశాడు. జవాబు కోసం ఆగలేదు. లేచి వెళ్ళి, చెక్క పిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చి, చొక్కా అంచుకి తుడిచాడు. "దీన్ని వాడి ఎన్నాళ్ళైందో. అవసరం పడలేదు మరి. చూడు, మొన ఇలా మోటారుకి, పిడి ఇలా చెవికి..."

"చెవికి కాదు మామయ్యా. వెనక, ఈ ఎముకకి. గట్టిగా ఆనించండి."

"ఇదెక్కడి పద్ధతి?"

"మా దుకాణం పక్కన చెవుల డాక్టరున్నాడు. ఒక కడ్డీ మోగించి ఇక్కడే ఆనిస్తాడు. ఎముక కూడా వింటుందట."

"నాకే నేర్పుతున్నావన్నమాట" అని నవ్వుతూనే మేస్త్రీ పిడిని చెవి వెనక ఎముకకి ఆనించాడు. మొన మోటారు అడుక్కి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యెత్తాడు.

అల్లుడు మర నాలుగుకి తిప్పాడు.

మేస్త్రీ మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. కాసేపటికి పిడి చెవి వెనకనించి తీశాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తీశాడు. ఈసారి ఉత్త చెవిని మోటారుకి వీలైనంత దగ్గరగా, మెడ వంచి, సొరుగు సందులోకి దూర్చాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. బయటికొచ్చి మళ్ళీ పిడి ఆనించాడు.

అల్లుడికి తెలియకుండానే దుకాణంలో మాట నోటికొచ్చేసింది. "ఇలా బాగుందా మామయ్యా, అలా బాగుందా?"

"పెడితే ఉంది" అన్నాడు మేస్త్రీ. "తీస్తే లేదు."

స్క్రూడ్రైవర్ కింద పెట్టి, అరచెయ్యి మోటారు అడుక్కి ఆనించాడు.

"తిరుగుతోంది."

"తిరుగుతోంది మామయ్యా."

"నీకు వినిపించిందా?"

"వినిపించింది."

"ఇందాకట్నించీ? ఇదేం లేకుండా?"

"ఊఁ."

మేస్త్రీ కారు గుమ్మం మీద కూలబడ్డాడు. కాళ్ళు బయట, ఒళ్ళు లోపల. అల్లుడు మర కట్టేశాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ మనిషి ముందు తన మాట నెగ్గాలని అతను ఎన్నిసార్లు కోరుకున్నాడో లెక్కలేదు. తీరా నెగ్గాక, దీన్ని ఎవరికైనా ఇచ్చేసి మళ్ళీ స్క్రూ తిప్పడం రానివాడిగా ఉండిపోతే బాగుండుననిపించింది. ఏడుపొచ్చేట్టుంది. పెద్దవాళ్ళు ఏడవనప్పుడు మనం ఏడిస్తే బాగుండదని ఊరుకున్నాడు.

"కొంచెం తగ్గిందని తెలుసురా" అన్నాడు మేస్త్రీ. ఆయన అతన్ని 'రా' అనడం ఎప్పుడూ లేదు. "వయసు కదా, తగ్గదా మరి అనుకున్నాను. కానీ పని తప్పలేదు. ఒక్క బండి తిరిగి రాలేదు. పని తప్పకపోతే చెవి బాగున్నట్టే కదా అనుకున్నాను."

మేస్త్రీ అల్లుడి కళ్ళు ఎటు చూస్తున్నాయో చూశాడు. ఖాళీ స్టూలు. దాని మీద నిన్నటి కూరగాయల పళ్ళెం బోర్లించి ఉంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు. మొహం మెల్లమెల్లగా మారింది. ఒక్కో బండీ, ఒక్కో మాటా లోపల తిరిగి వస్తున్నట్టుంది.

"దాని నోటికి సైలెన్సర్ బిగిస్తానని ఊరందర్నీ నవ్వించాను" అన్నాడు చివరికి.

ఆ తరవాత మేస్త్రీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "ముందు పని చూద్దాం. మోటారు తిరుగుతోంది. గాలి రావట్లేదు. అంటే ఏంటి?"

"ఏంటి మామయ్యా?"

"గాలి ఎక్కడో ఆగింది. పోనీ, బుర్రింకా పనిచేస్తోంది." ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ మీట లోపలి వైపే బిగుసుకుపోయిందన్నావు కదూ? అయితే ఇది బయటి గాలి పీల్చదు. కారు లోపలి గాలే పీలుస్తుంది. ఎక్కణ్ణించి? కాళ్ళ దగ్గర పైన ఒక నోరుంటుంది, అక్కణ్ణించి. మా అమ్మాయి ఈ సీట్లోనేనా కూర్చుంది?"

జవాబు కోసం చూడకుండా వెల్లకిలా పడుకుని, తల కాళ్ళు పెట్టుకునే చోట దూర్చి, చెయ్యి పైకి పోనిచ్చాడు. మోచెయ్యి దాకా పోయింది. మొహం చిట్లించాడు, వేళ్ళతో తడిమాడు, దేన్నో పట్టుకుని లాగాడు. అది కొంచెం కొంచెంగా, దుమ్ము రాలుస్తూ, సాగుతూ వచ్చింది.

తెల్లటి పల్చటి గుడ్డ. నీలం అంచు.

"మీ ఆవిడ వెతుకుతున్నది ఇదేనా?" అన్నాడు పడుకునే. "సొరుగు కిందున్న అరలో పెట్టుంటుంది. బ్లోయర్ ఊపిరి పీల్చుకుంటూ దీన్నీ పీల్చేసింది. జల్లెడకి అతుక్కుపోయి కూర్చుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే."

అల్లుడు మర తిప్పాడు. కన్నాలన్నిటి నించీ ఒక్కసారి గాలి తన్నుకొచ్చింది. ముందు దుమ్ము, తరవాత చంటిదాని పౌడరు వాసన. మేస్త్రీ పడుకున్నవాడల్లా లేచి కూర్చుని, గాలికి మొహం అడ్డం పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. తెల్లజుట్టు వెనక్కి ఎగిరింది.

"దీనికి చెవులక్కర్లేదు" అన్నాడు.

గోల విని కూతురు బయటికొచ్చింది. "నా గుడ్డ! నాన్నా, నీకెక్కడ దొరికింది? నిన్నట్నించీ దీన్ని దాచేశారని ఈయన్ని తిడుతున్నాను" అని దాన్ని దులిపి, వాసన చూసి, ముక్కు చిట్లించింది. ఆ వెనకే అత్తగారు, భుజం మీద నిద్రలేచిన మనవరాలితో. గుమ్మం దిగుతూ దిగుతూనే మొదలుపెట్టింది.

"హమ్మయ్య, ఊదుతోందా? ఏమండీ, ఊదడం బాగానే ఊదుతోంది గానీ, ఆ పక్కన ఏదో కిర్రుమంటోందండీ."

అల్లుడు మామగారి వైపు చూశాడు. 'నాకు తెలీదా' అన్న మాట రావలసిన చోటు అది. ఇన్నేళ్ళుగా అక్కడ అదే వచ్చేది.

"ఎక్కడ?" అన్నాడు మేస్త్రీ.

అత్తగారు ఆగిపోయింది.

"ఎక్కడే? ఇటొచ్చి సరిగ్గా చెప్పు. నాకు వినపడట్లేదు."

ఆవిడ భర్త మొహంలోకి చూసింది. తరవాత కింద పడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్ని చూసింది. తరవాత అల్లుణ్ణి. అల్లుడు తల దించుకున్నాడు. ఆవిడ మనవరాల్ని ఇంకో భుజానికి మార్చుకుంది, అవసరం లేకపోయినా.

"ఎడమవైపు, ఆఖరి కన్నంలో" అంది చిన్నగా. మళ్ళీ తనే గొంతు పెంచి, ఆయన కళ్ళలోకి చూస్తూ, "ఆఖరి కన్నంలో అండీ" అంది.

మేస్త్రీ వెళ్ళి ఆ కన్నం మీది ప్లాస్టిక్ రెక్కని వేలితో సర్దాడు. "పోయిందా?"

"ఇంకా ఉంది."

ఇంకొంచెం నొక్కాడు. "ఇప్పుడు?"

"పోయిందండీ" అంది ఆవిడ. అని, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, చంటిదాని శాలువాకి మొహం రాసుకుంది. కూతురికి ఏమీ అర్థం కాలేదు. "హీటరు బాగైతే ఏడుస్తావేంటమ్మా?" అంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చెవుల డాక్టరు సంగతి వచ్చింది. తెచ్చింది మేస్త్రీయే. "మీతోబాటే రేపు కార్లో వస్తాం, మీ అత్తా నేనూ. వెనక సీటు ఖాళీయేగా" అన్నాడు అల్లుడితో. "అతగాడు ఆ కడ్డీ ఏదో ఆనించి, ఎంతుందో ఎంత పోయిందో చెప్తాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇస్తానంటే పెట్టుకుంటాను. నువ్వు మనుషులకి కళ్ళజోళ్ళు పెట్టట్లా? ఇదీ అంతే." ఆ మాట గట్టిగానే అన్నాడు గానీ, ముద్ద మాత్రం చాలాసేపు చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్న కారులో సామాన్లు సర్దుతుండగా బడి వ్యాను వచ్చింది. పిల్లలు లేరు, డ్రైవరొక్కడే. "మేస్త్రీ, బ్రేకు తొక్కితే ఏదో తేడాగా ఉంది. ఒక్కసారి వినండి" అన్నాడు.

గోడకున్న మేకు ఖాళీగా ఉండటం అల్లుడు గమనించాడు. ఆ చిన్న దీపం బూజు తుడిచి పనిముట్ల పెట్టెలో పైనే పెట్టి ఉంది. మేస్త్రీ స్టూలు తెచ్చాడు. దాన్ని భుజం మీది గుడ్డతో తుడిచి, వ్యాను ముందు చక్రం పక్కన వేశాడు. ఇంటి వైపు తిరిగి, "ఏవే, ఇలా రా" అని పిలిచాడు.

అత్తగారు ప్రయాణపు చీరలో, చేతిలో పళ్ళెం లేకుండా, కత్తిపీట లేకుండా వచ్చింది. స్టూలు మీద ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

డ్రైవరు పళ్ళికిలించాడు. "ఇదేంటి మేస్త్రీ, అమ్మగారికి వినిపించాలా?"

"నాకు వినపడదయ్యా" అన్నాడు మేస్త్రీ. "చాలాకాలంగా ఈ షెడ్డులో వినేది ఆవిడే. నేను విప్పి బిగించేవాణ్ణి."

డ్రైవరు ఇదేదో కొత్త హాస్యమనుకుని నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి, వ్యాను ఎక్కి బుద్ధిగా స్టీరింగు ముందు కూర్చున్నాడు.

మేస్త్రీ చెయ్యి పైకెత్తాడు. అందరూ నోరు మూసుకున్నారు. షెడ్డు పుట్టినప్పట్నించీ నోరు మూయని అత్తగారు గొంతు సవరించుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఏదీ, తొక్కు బాబూ" అంది.